నూరుగురిలో ఒకరు

2019లో వెలువడిన ‘నాక్ డౌన్ ది హౌస్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీ చిత్రం మీద మన విద్యార్థి మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు వినవస్తున్నాయి. బారులో గ్లాసులందించే ఒక యువతి ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయిన పెద్దమనిషిని ఓడించింది, ఇంతకంటే ఉత్తేజకరమైన కథ ఏముంటుందనేది మొదటిది. డాలర్ల మీద నడిచే పార్టీలో ఒక సీటు ఒక చేతినుంచి మరో చేతికి మారింది, దీన్ని చూసి మనం నేర్చుకొనేదేమిటనేది రెండవది.

ఈ రెంటితోనూ నేను ఏకీభవించలేను. మొదటివారు చిత్రం చెప్పినదంతా నమ్ముతున్నారు. రెండవవారు చిత్రం చూపినదాన్ని కూడా చూడడం లేదు. చిత్రం చూపినదానికీ, చెప్పినదానికీ మధ్య ఒక వైరుధ్యం వున్నది. ఆ వైరుధ్యాన్ని పట్టుకోవడమే విమర్శకుడి పని అనుకుంటాను. ఇది ఒక్క చిత్రానికి సంబంధించిన విషయం కాదు. సమష్టి కార్యాన్ని కళలో ఎలా చిత్రించాలన్న ప్రశ్న అభ్యుదయ సాహిత్యానికి మొదటినుంచీ వున్నదే.

ముందుగా వస్తువును గురించి కొంత చెప్పుకోవాలి. అమెరికా జాతీయ శాసనసభను కాంగ్రెసు అంటారు. అందులో రెండు సభలు: ప్రతినిధుల సభ, సెనేటు. వీటికి పోటీచేసే అభ్యర్థిని మన దగ్గరలాగా అధిష్ఠానం పిలిచి టిక్కెట్టు చేతిలో పెట్టదు. పార్టీ ఓటర్లే ముందుగా ఒక ఎన్నిక జరిపి ఎన్నుకుంటారు. ఇదే ప్రైమరీ. ముఠా నాయకులు మూసిన తలుపుల వెనక అభ్యర్థులను నిర్ణయిస్తున్నారన్న ఆగ్రహంలోంచి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిన సంస్కరణ ఇది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లాఫొలెట్ నాయకత్వాన 1903లో చేసిన చట్టం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

కాని ఏ సంస్కరణ అయినా అధికారం చేతిలో ఎలా మారుతుందో చూడాలంటే న్యూయార్కు రాష్ట్రాన్ని చూడాలి. అక్కడ ప్రైమరీలో ఓటు వేయాలంటే ఆ పార్టీ ఓటరుగా నమోదై వుండాలి. 2018 జూన్ ఎన్నికలో ఓటు వేయదలచి పార్టీ నమోదు మార్చుకోవలసినవారు అంతకు ముందటి యేడు అక్టోబరులోనే మార్చుకోవాలి. అప్పటికి అభ్యర్థుల పేర్లు కూడా జనానికి తెలియవు. పైగా ఆ యేడు కాంగ్రెసు ప్రైమరీ జూన్‌లోనూ, రాష్ట్ర పదవుల ప్రైమరీ సెప్టెంబరులోనూ జరిగాయి. పనిచేసుకు బ్రతికే మనిషి ఒకే యేడు మూడుసార్లు ఓటు వేయడానికి వెళ్ళాలన్నమాట. తలుపు తెరిచే వున్నది, కాని గడప మాత్రం నడుమెత్తు వున్నది. ఇది ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. తక్కువ మంది ఓటు వేసే ఎన్నికలో, ఉన్న యంత్రాంగమే గెలుస్తుంది.

ఆ యంత్రాంగానికి అధిపతి జో క్రౌలీ. న్యూయార్కు నగరంలో తూర్పు బ్రాంక్స్, ఉత్తర క్వీన్స్ ప్రాంతాలు కలిసిన పధ్నాలుగవ నియోజకవర్గం ఆయనది. 1999 నుంచి సభ్యుడు, ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల నాయకశ్రేణిలో నాలుగవవాడు, అదీగాక క్వీన్స్ జిల్లా పార్టీకి అధ్యక్షుడు. ఆయన మొదట సీటు సంపాదించిన తీరు గమనించదగ్గది. 1998లో అప్పటి సభ్యుడు థామస్ మాంటన్ తిరిగి పోటీచేస్తానని పత్రాలు దాఖలు చేసి, గడువు దాటిన తర్వాత విరమించుకున్నాడు. ఖాళీ అయిన ఆ చోట పార్టీ పెద్దలు క్రౌలీని కూర్చోబెట్టారు. 2004 తర్వాత ప్రైమరీలో ఆయనకు ఎదురు నిలిచినవారే లేరు. పదవి చేతులు మారింది కాని ఓటరు చేయి దానిమీద పడలేదు. వారసత్వమనేది రక్తసంబంధంతోనే రానక్కరలేదు.

ఆయన మీద మొదటిసారిగా పోటీకి దిగిన అభ్యర్థి అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్. వయస్సు ఇరవై ఎనిమిది. మన్‌హాటన్‌లో ఒక బారులో పని చేసేది. క్రౌలీ ఖర్చు ముప్పై నాలుగు లక్షల డాలర్లు. ప్రైమరీ నాటికి ఆమె ఖర్చు రెండు లక్షల డాలర్లకు లోపు. ఆమెకు వచ్చిన సొమ్ములో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా చిన్న చందాలు. ఆయనకు వచ్చినదానిలో అటువంటివి నూటికి ఒకటి కూడా లేవు. ఫలితం: ఆమెకు 16,898 ఓట్లు, ఆయనకు 12,880.

దర్శకురాలు రాచెల్ లియర్స్ ఈ ఒక్క ఎన్నికనే చిత్రించాలనుకోలేదు. 2018లో స్థానబలం గల డెమోక్రాట్ల మీద ప్రైమరీల్లో నిలబడిన నలుగురు స్త్రీలను ఎంచుకున్నది. రెండవ ఆమె వెస్ట్ వర్జీనియాలో బొగ్గుగని కార్మికుల కుటుంబంలో పుట్టిన పౌలా జీన్ స్వేరెంజిన్, సెనేటరు జో మాంచిన్ మీద పోటీచేసింది. మూడవ ఆమె మిసోరీకి చెందిన నర్సు కోరీ బుష్. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల తర్వాత లేచిన ఆందోళనలో నిలబడిన మనిషి. ఆమె ప్రత్యర్థి లేసీ క్లే. తండ్రీ కొడుకులు కలిసి 1969 నుంచి ఆ సీటును ఏలుతున్నారు. నాలుగవ ఆమె నెవాడాకు చెందిన ఏమీ విలేలా. ఇరవై రెండేళ్ళ కూతురు ఆరోగ్య భీమా ఆధారం చూపలేకపోయినందువల్ల తగిన వైద్యం అందక చనిపోయిందన్నది ఆమె ఆవేదన. ఆ ఆవేదనే ఆమెను ఎన్నికల్లోకి నెట్టింది.

చిత్రంలో మంచి ఏమున్నదో మొదట చెప్పడం న్యాయం. మన ఎన్నికల కథల్లోనూ, సినిమాల్లోనూ సాధారణంగా కనిపించేవి ఉపన్యాసాలు, కుట్రలు, డబ్బు సంచులు. ఈ చిత్రంలో కనిపించేది పని. అభ్యర్థి పేరు ఓటు పత్రంలోకి ఎక్కాలంటే నియోజకవర్గంలోని పార్టీ ఓటర్ల సంతకాలు 1,250 కావాలి. సంతకాల్లో తప్పులు వెదికి కొట్టివేయించడం అక్కడి యంత్రాంగానికి వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి కావలసినదానికి ఎన్నో రెట్లు సేకరించాలి. వీధిలో నిలబడి ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి, అతను ఏ పార్టీలో నమోదైనాడో అడిగి, సంతకం పెట్టించడం ఎంత ఓపిక కావలసిన పనో చిత్రం చూపిస్తుంది.

ఇంకొక చోట ఒకాసియో-కోర్టెజ్ రెండు కరపత్రాలను పక్కపక్కన పెట్టి చూపుతుంది. ఒకటి క్రౌలీది, మిలమిలలాడే కాగితం, కాని ఎన్నిక ఏనాడో, ఓటరు ఏమి చేయాలో కళ్ళకు ఆనేటట్లు చెప్పదు. రెండవది ఆమెది, తేదీ ముందు, కోరిక ముందు. తెలుగులో కరపత్ర రచనను గురించి మనం వ్రాసుకున్న వ్యాసాలు తక్కువ. ఈ రెండు నిమిషాల దృశ్యం ఒక వ్యాసం విలువ చేస్తుంది. ప్రజలను ప్రేక్షకులుగా చూసేవాడి భాష ఎలా వుంటుందో, కర్తలుగా చూసేవారి భాష ఎలా వుంటుందో అందులో తేటతెల్లమవుతుంది.

స్వేరెంజిన్ కారులో పోతూ తన వూరి ఇళ్ళను ఒక్కొక్కటే చూపి, ఏ ఇంట్లో ఎవరికి క్యాన్సరు వచ్చిందో చెప్పే ఘట్టం మరొకటి. అక్కడ వ్యాఖ్యానం లేదు, సంగీతం అవసరమూ లేదు. వరుసగా ఇళ్ళు, వరుసగా జబ్బులు. బొగ్గు కంపెనీల లాభాలను గురించి నూరు పేజీలు చదివినా కలగని బోధ ఆ వీధి చూస్తే కలుగుతుంది. వస్తువే శిల్పమైన చోటు అది.

ఇక వైరుధ్యం దగ్గరికి వద్దాం. చిత్రంలో అతి ముఖ్యమైన మాట ఒకటున్నది. ఏమీ విలేలా ఓడిపోయి దుఃఖంలో వున్నప్పుడు ఒకాసియో-కోర్టెజ్ ఆమెతో ఫోనులో మాట్లాడుతుంది. తమలో ఒకరు లోపలికి చేరాలంటే నూరుగురు ప్రయత్నించి తీరాలని ఆ మాటల సారాంశం. అప్పటికి ఆమె గెలవలేదు. తానూ ఓడే తొంభై తొమ్మిదిమందిలో ఒకతె కావచ్చునని తెలిసే అన్నది. ఈ మాట వట్టి ఓదార్పు కాదు, ఒక రాజకీయ సిద్ధాంతం. దీని ప్రకారం ఓటమి వ్యక్తి వైఫల్యం కాదు, సమష్టి కృషిలో ఒక భాగం. గెలుపు వ్యక్తి ప్రతిభ కాదు, ఆ కృషికి పట్టిన ఫలం.

లెక్కలూ ఆ మాటనే బలపరుస్తాయి. వీరిని రంగంలోకి దింపిన సంస్థల్లో ఒకటైన ‘బ్రాండ్ న్యూ కాంగ్రెస్’ మొదట నాలుగువందల మందిని దేశమంతటా నిలపాలని సంకల్పించింది. చివరకు నిలబెట్టగలిగింది అందులో కొద్ది మందినే. ఆ కొద్దిమందిలోనూ 2018లో సభకు చేరింది ఒక్క ఒకాసియో-కోర్టెజ్.

అయితే చిత్రం ఈ సిద్ధాంతాన్ని ఆమె నోట పలికించి, తన నిర్మాణంలో దానికి విరుద్ధంగా నడిచింది. నిడివిలో సింహభాగం గెలిచిన ఒక్కరికే దక్కింది. అద్దం ముందు ఆమె ముఖాలంకరణతో మొదలై, వాషింగ్టన్‌లో శాసనసభా భవనం ఎదుట, చిన్ననాడు తండ్రి తనను అక్కడికి తీసుకువచ్చిన జ్ఞాపకంతో ముగుస్తుంది. తక్కిన ముగ్గురి ఓటములు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, ఆమె గెలుపును మరింత ప్రకాశింపజేసే చీకటిగా ఉపయోగపడ్డాయి. బొగ్గు గనుల ప్రాంతంలో స్వేరెంజిన్‌కు దాదాపు ముప్పై శాతం ఓట్లు ఎలా వచ్చాయి, అవి ఎవరివి, ఆ ఓటర్లు తర్వాత ఏమైనారు అన్న ప్రశ్నలు లేవలేదు. చలిచీమలు పామును పట్టిన కథ మనకందరికీ తెలుసు. ఆ కథలో ఒక చీమకు పేరుపెట్టి, దాని బాల్యం చెప్పి, తక్కిన చీమలను వెనక వరుసలో నిలబెడితే ఎలా వుంటుందో ఈ చిత్ర నిర్మాణం అలా వున్నది.

వ్యక్తిని చిత్రించడం తప్పని నేను అనడం లేదు. ప్రతినిధి పాత్ర లేకుండా వాస్తవిక కళ లేదు. కాని పాత్రకు ప్రాతినిధ్యం ఎక్కడినుంచి వస్తుంది? తన వర్గంతోనూ, తన కాలంతోనూ ఆ పాత్రకున్న సంబంధాలనుంచి. ఆ సంబంధాలను తెంచితే ప్రతినిధి పోయి, నాయిక మిగులుతుంది. బీదింటి పిల్ల అన్న మాటనే తీసుకుందాం. ఆమె తండ్రి ఆర్కిటెక్టు. పిల్లల చదువుకోసం కుటుంబం బ్రాంక్స్ వదిలి శివారులో మంచి బడులున్న యార్క్‌టౌన్‌కు మారింది. ఆమె బోస్టన్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకున్నది. 2008లో, ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన యేడే, తండ్రి చనిపోయాడు. తల్లి ఇళ్ళలో పాచిపని చేసింది. కూతురు బారులో చేరింది. ఇది పుట్టుపేదరికం కథ కాదు. చదువుకొని, పైకి వస్తామని నమ్మి, సంక్షోభంలో కాలు జారిన మధ్యతరగతి కథ. 2008 తర్వాత అమెరికాలో సోషలిజమనే మాట పలకడానికి జంకని ఒక తరం పుట్టిందంటే దానికి మూలం ఇక్కడ వున్నది. ఆమె ప్రాతినిధ్యం వహించేది ఈ తరానికి. చిత్రానికి ఆమె ముఖం దొరికింది కాని ఈ తరం అంతగా దొరకలేదు.

ఓట్లు పడిన తీరు చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఆ నియోజకవర్గంలో దాదాపు సగంమంది లాటిన్ అమెరికా మూలాలున్నవారు. కాబట్టి తమ మనిషిని తాము గెలిపించుకున్నారని మొదట చాలామంది వ్యాఖ్యానించారు. కాని ఎన్నిక తర్వాత పోలింగు కేంద్రాలవారీగా పటాలు వేసి చూసినవారు వేరొక సంగతి కనుగొన్నారు. ఆమె బలం పుట్టిన బ్రాంక్స్‌లోకంటే క్వీన్స్‌లో ఎక్కువ. అందులోనూ చదువుకున్న యువకులు అద్దెలకు చేరుతున్న ఆస్టోరియావంటి పేటల్లో మరీ ఎక్కువ. క్రౌలీ యంత్రాంగానికి సొంత యిల్లువంటి క్వీన్స్‌లోనే ఆ యంత్రాంగం కూలిపోయింది. ఇది సంతోషించవలసిన విషయం, ఆలోచించవలసిన విషయం కూడా. అద్దెలు పెంచే ప్రక్రియలో ముందుగా వచ్చి చేరే యువకులూ, ఆ అద్దెలకు తాళలేక వెళ్ళిపోయే పాతకాపులూ ఒకే అభ్యర్థి వెనుక ఎలా, ఎంతకాలం నిలబడగలరు? ఈ ప్రశ్న చిత్రానికి తట్టలేదు. తట్టివుంటే కథ ఇంత తీయగా ముగిసేది కాదు.

మరో లెక్క. ఏడు లక్షల జనాభా గల నియోజకవర్గమది. నమోదైన డెమోక్రాట్లు రెండు లక్షలకు పైగా. ప్రైమరీలో ఓటు వేసినవారు ముప్పై వేలకు లోపు. తేడా నాలుగు వేల పైచిలుకు. కొద్దిమందే ఓటు వేస్తారన్న ధైర్యం మీద కట్టిన కోటను, ఆ కొద్దిమందికి మరి కొన్ని వేలమందిని చేర్చి కూల్చారు. యంత్రాంగం తన రక్షణకు పెట్టుకున్న ఏర్పాటే దాని కొంప ముంచింది. వీధుల్లో తిరిగిన కార్యకర్తలు ఎందరు, వారిలో సోషలిస్టు సంఘంవారెవరు, ఎన్ని తలుపులు తట్టారు, తెరిచినవారు ఏమన్నారు అనే వివరాలే ఈ విజయానికి అసలు కథ. చిత్రంలో అవి నేపథ్యంగానే మిగిలాయి.

ఇప్పుడు రెండవ అభిప్రాయం సంగతి. డెమోక్రటిక్ పార్టీ పెట్టుబడిదారుల పార్టీ కనుక దానిలోపల జరిగే పోరు మనకు పనికిరాదనేవారు ఒక చిన్న విషయం విస్మరిస్తున్నారు. పెట్టుబడిదారులు ఆ పోరును పనికిరానిదిగా చూడడం లేదు. 2018లో ఓడిన కోరీ బుష్ 2020 ఆగస్టులో అదే లేసీ క్లే మీద గెలిచింది. అంటే ఆమె మొదటి ఓటమి వ్యర్థం కాలేదు, ఫోనులో విన్న ఆ మాట నిజమైంది. కాని 2024 ఆగస్టు ప్రైమరీలో ఆమెను ఓడించడానికి, గాజా యుద్ధం విషయంలో ఆమె వైఖరిని సహించని ఇజ్రాయెల్ అనుకూల కూటమి ఎనభై లక్షల డాలర్లకు పైగా కుమ్మరించింది. అంతకు కొద్ది వారాల ముందు, జూన్‌లో, న్యూయార్కు శివార్లలో జమాల్ బోమన్‌ను ఓడించడానికి అదే కూటమి కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా వెచ్చించింది. ప్రతినిధుల సభ ప్రైమరీల చరిత్రలో అంత ఖరీదైన పోటీ అంతకుముందు లేదు. ఈ ఇద్దరి ఓటమికీ వారి స్వంత లోపాలు కూడా కొంత కారణం. అయినా పనికిరాని సీటుకోసం ఎవరూ అన్ని డాలర్లు ధారపోయరు. 2018లో క్రౌలీ ఏమరుపాటుగా వుండి ఓడాడు. ఒక చర్చకు తాను రాకుండా తన తరఫున మరొకరిని పంపేటంత ఏమరుపాటు అది. డబ్బు ఒకసారి ఏమరుతుంది, మరోసారి ఏమరదు.

మరి డబ్బే సర్వమా? సరిగ్గా 2018 జూన్ 26నే మేరీలాండ్ రాష్ట్రంలోనూ ప్రైమరీ జరిగింది. ఆరవ నియోజకవర్గంలో హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ పోటీచేసింది. ఇంజనీరుగా పనిచేసి, రాష్ట్ర శాసనసభలో ఎనిమిదేళ్ళ అనుభవం సంపాదించిన మనిషి. కాంగ్రెసుకు మాత్రం అదే మొదటి పోటీ. ఆమె ప్రత్యర్థి డేవిడ్ ట్రోన్, మద్యం దుకాణాల వ్యాపారి. తన జేబులోంచే కోటి డాలర్లకు పైగా ఖర్చుపెట్టి గెలిచాడు. ఆమె రెండవ స్థానంలో నిలిచింది. 2022లో లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయింది. ఆ రాత్రి ప్రపంచమంతా బ్రాంక్స్ వైపు చూసింది, మేరీలాండ్ వైపు ఎవరూ చూడలేదు. ఒకే రోజున ఒకచోట డబ్బు ఓడింది, ఒకచోట గెలిచింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే సత్యం. అదే ట్రోన్ 2024లో సెనేటు ప్రైమరీకి ఆరు కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము గుప్పించి ఓడిపోయాడు. కాబట్టి డబ్బు సర్వశక్తి సంపన్నమనే నిరాశా సరికాదు, ఒక ధైర్యశాలి చాలుననే ఆశా సరికాదు. డబ్బుకు ఎదురుగా ఏ సంఘటిత శక్తి, ఎంతకాలంగా, ఎంత లోతుగా పనిచేసివున్నదనేదే ప్రశ్న.

ఈ ప్రశ్నను కళాకారుడు ఎలా ఎదుర్కోవాలో తెలుసుకోవడానికి అమెరికాలోనే పాత ఉదాహరణ వున్నది. ‘జంగిల్’ నవలాకారుడు అప్టన్ సింక్లేర్ 1934లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి డెమోక్రటిక్ ప్రైమరీలో గెలిచాడు, నవంబరు ఎన్నికలో ఓడాడు. పోటీకి ముందు, తాను గవర్నరై దారిద్ర్యాన్ని ఎలా అంతం చేసిందీ జరిగినట్లే ఊహించి ఒక పుస్తకం వ్రాశాడు. ఓడిన తర్వాత, తాను ఎలా చావుదెబ్బ తిన్నదీ మరొక పుస్తకంగా వ్రాశాడు. ఈ రెండవది మనకు ఎక్కువ ఉపయోగం. ఎవరు డబ్బిచ్చారు, పత్రికలు ఏమి చేశాయి, సినిమా స్టూడియోలు కూలికి తెచ్చిన నటులతో నకిలీ వార్తాచిత్రాలు ఎలా తీశాయి అన్నదంతా ఆ ఓటమి చరిత్రలో భాగం. ఎనిమిది లక్షల డెబ్బైవేలకు పైగా ఓట్లు తెచ్చుకొని ఓడిన మనిషి తన ఓటమిని ప్రజల ఆస్తిగా మార్చి యిచ్చాడు. గెలుపు నాయకుణ్ణి చూపిస్తుంది, ఓటమి వ్యవస్థను చూపిస్తుంది. లియర్స్ చేతిలో మూడు ఓటములున్నాయి. ఆ మూడింటినీ సింక్లేర్ కన్నుతో చూసివుంటే, ఒక్క గెలుపు కూడా మరింత బాగా అర్థమయ్యేది.

దర్శకురాలి పక్షాన చెప్పవలసినదీ వున్నది. చిత్రీకరణ మొదలుపెట్టినప్పుడు ఎవరు గెలుస్తారో ఆమెకు తెలియదు. గెలిచే గుర్రం కోసం వెదికి పందెం కాసిన చిత్రం కాదిది. ఓడిపోవడానికే ఎక్కువ అవకాశమున్నవారి వెంట నెలల తరబడి కెమేరా మోసింది. ప్రజల చందాలు కూడా కొంత తోడు తీసుకున్నది. అది సాహసమే. కాని ఫలితాలు వచ్చిన తర్వాత కూర్పు బల్లమీద కథ మారింది. 2019 జనవరిలో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల మన్నన పొందిన ఈ చిత్రాన్ని నెట్‌ఫ్లిక్స్ సంస్థ కోటి డాలర్లకు కొన్నదని పత్రికలు వ్రాశాయి. ఆనాటికి ఒకాసియో-కోర్టెజ్ పేరు అమెరికాలో ప్రతి ఇంటా తెలుసు. మార్కెట్టు నూరుగురి కథను కొనదు, ఒకరి కథను కొంటుంది. చిన్న చందాలతో నడిచిన పోరాటం గురించిన చిత్రం ఇలా బజారు న్యాయానికి లోబడడంలో ఒక విషాదమున్నది. ఇందుకు ఒక్క దర్శకురాలిని నిందించి చేతులు దులుపుకోలేము. కళకు ప్రజల సొంత పంపిణీ వ్యవస్థ లేనంతకాలం ఈ ఒత్తిడి తప్పదు.

చిత్రం ముగిసిన చోట మరొక ప్రశ్న మొదలవుతుంది. గెలిచిన ప్రతినిధి ఎవరికి జవాబుదారీ? ఒకాసియో-కోర్టెజ్ సభ్యురాలిగా ప్రమాణం చేయకముందే, 2018 నవంబరులో, వాతావరణం కోసం నాన్సీ పెలోసీ కార్యాలయంలో బైఠాయించిన యువకుల పక్కన నిలిచింది. 2019 ఫిబ్రవరిలో గ్రీన్ న్యూ డీల్ తీర్మానం ప్రవేశపెట్టింది. అదే మనిషి 2022 నవంబరు 30న, రైలు కార్మికుల సమ్మెకు అవకాశం లేకుండా ఒప్పందాన్ని రుద్దే తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది. జబ్బు సెలవుల కోసం వేరే తీర్మానం కూడా ఆనాడే ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేటులో అది వీగిపోయింది. సమ్మె నిషేధం మాత్రం నిలిచింది. దీన్నిబట్టి ఆమెను ద్రోహి అనేవారున్నారు, వ్యూహమని సమర్థించేవారున్నారు. ఈ రెండు మాటలూ మళ్ళీ వ్యక్తి చుట్టూనే తిరుగుతున్నాయి. ఆమెను పంపిన వేలమందికి ఆమెను నిలవేసి అడిగే సంఘం ఎంత బలంగా వున్నదని అడగాలి. ఎన్నికనాడు గడప గడపా తట్టిన చేతులు ఆ మర్నాడు ఎక్కడికి పోయాయని అడగాలి. ఒక ముఖాన్నే చూసి మురిసినవారు, ఆ ముఖం తమకు నచ్చని పని చేసిన రోజున కోపగించుకోవడం తప్ప మరేమీ చేయలేరు.

అందుకే మన విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఇది. ఈ చిత్రాన్ని చూడండి, చూపించండి. కాని గెలిచిన రాత్రి ఆమె ముఖంలో కనిపించిన ఆశ్చర్యం దగ్గర ఆగకండి. సంతకాల కాగితాల దగ్గరా, కరపత్రాల దగ్గరా ఆపి మళ్ళీ చూడండి. స్వేరెంజిన్ వీధి దగ్గర ఆపి, ఆ ఇళ్ళను లెక్కపెట్టండి. ఓడిన విలేలా ఫోను పట్టుకొని ఏడ్చిన చోట మరికాస్త ఎక్కువసేపు నిలవండి. ఆ దృశ్యంలో ఓదార్చే మనిషికంటే ఓదార్పు పొందే మనిషి మీద దృష్టి పెట్టండి. తొంభై తొమ్మిదిమందిలో ఒకరుగా వుండడానికి సిద్ధపడి రంగంలోకి దిగిన మనిషి ఆమె. అటువంటివారి కథ వ్రాయడం అభ్యుదయ రచయితల బాధ్యత. దాన్ని వేరెవరూ వ్రాయరు, వ్రాసినా బజారులో దానికి కోటి డాలర్లు పలకవు.